పెచ్చులూడే కాంక్రీటు గోడ: రంగు మేలా, అతుకు మేలా?

యేల్ విశ్వవిద్యాలయంలో పాల్ రుడాల్ఫ్ 1963లో కట్టించిన ఆర్ట్ అండ్ ఆర్కిటెక్చర్ భవనం గోడలన్నీ నిలువు చారలే. చెక్క బద్దలు కొట్టిన షట్టరింగ్‌లో కాంక్రీటు పోశారు. గట్టిపడ్డాక ఉబ్బెత్తు అంచులను సుత్తితో పగలగొట్టి, లోపలి కంకర బయటపడేలా చేశారు. అలాంటి గోడకు రంగు పూస్తే ఆ చేతిపని అంతా పూడిపోతుంది. అయినా పెచ్చులూడగానే కళాశాలలకు ముందు తట్టేది రంగే. ఖర్చు తక్కువ, సెలవుల్లోనే పని అయిపోతుంది.

ఏదో ఒకటి ఎంచుకునే ముందు గోడను పరీక్షించాలి. చిన్న పెచ్చు కొట్టి, దుమ్ము ఊది, తాజా ముఖం మీద ఫినాల్‌ఫ్తలీన్ ద్రావణం చల్లండి. గులాబీ రంగు వస్తే క్షారగుణం ఉన్నట్టు, అది లోపలి ఇనుప ఊచను తుప్పు నుంచి కాపాడుతుంది. రంగు రాకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అక్కడిదాకా చొచ్చుకుపోయి క్షారగుణాన్ని పోగొట్టినట్టు; దీన్నే కార్బనేషన్ అంటారు. ఆ లోతు ఊచను చేరాక చెమ్మ తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమించి, పైనున్న కాంక్రీటును తోసేస్తుంది.

మామూలు రంగు చెమ్మను లోపలే పట్టి ఉంచి బుడగలు తేలుతుంది. కార్బనేషన్‌ను అడ్డుకునే ప్రత్యేక పూత నయం. అది వాయువును ఆపి ఆవిరిని వదులుతుంది. కానీ అది చెక్క గీతలను కప్పేస్తుంది, తర్వాత గీకితే ఆ గీతలూ పోతాయి. పారదర్శకమైన సిలేన్ అనే ద్రవపు పూత నీటిని ఆపుతుందే తప్ప కార్బనేషన్‌ను ఆపదు.

చెడిన చోట మాత్రమే చెక్కి కొత్త మోర్టార్‌తో అతుకు వేస్తే గోడ ముఖం దక్కుతుంది, పని మాత్రం కష్టం. చెడిన భాగం చుట్టూ 10 మిల్లీమీటర్ల లోతున, గోడ ముఖానికి లంబంగా కోయాలి. అంచు పలచగా వదిలితే అక్కడే లేచిపోతుంది. ఊచ వెనక సుమారు 20 మిల్లీమీటర్లు చెక్కి, తుప్పంతా గీకేయాలి. పాత కాంక్రీటును తడిపి, పైన నీరు నిలవకుండా చూసి మోర్టార్ నింపాలి. తడి గోనెపట్టాతో ఏడు రోజులు క్యూరింగ్ తప్పదు.

ఎక్కువగా దెబ్బతినేది అతుకు పక్కన. కొత్త మోర్టార్‌లో ఊచ కుదుటపడుతుంది, అంచు దాటగానే పాత కాంక్రీటులో తుప్పు జోరందుకుంటుంది. అందుకే అంచుల్లో ఊచకు జింక్ ఆనోడ్లు, అంటే ఊచకు బదులు తామే తినిపోయే జింక్ ముక్కలు, కట్టాలి.

సుత్తిపని, చెక్క గీతలు ఉన్న ముఖభాగాలకు అతుకే మేలు. చూపు పడని వెనక గోడల్లో కార్బనేషన్ విస్తారంగా ఉంటే, ఊడిన చోట్ల మరమ్మతు చేసి ప్రత్యేక పూత వేయండి. అతుకు రంగు కలవాలంటే వేర్వేరు ఇసుక, సిమెంటుతో నమూనా పలకలు పోసి, 28 రోజులయ్యాక పాత గోడ పక్కన పెట్టి, తడిగానూ పొడిగానూ చూసి ఎంచుకోండి.