జైపూర్ కాలుతో ఆరేళ్లు: చెప్పు విప్పిన సంబరం, ముల్లు దిగిన సంగతి

జైపూర్ కాలు అనే ఈ పెట్టుడు కాలు గురించి గడప దగ్గర మొదలుపెట్టాలి. 2016లో షుగరు పుండు ముదిరి నా కుడికాలు మోకాలి కింద తీసేశారు. మరుసటేడు మా పెద్దోడు హైదరాబాద్‌లో 85 వేలు పెట్టి ఒక కాలు చేయించాడు. మంచి కాలే. తేలిక. తారు రోడ్డు మీద నడుస్తుంటే పాదం తనే ముందుకు నెట్టేది. కాకపోతే బూటు లేకుండా దానితో నిలబడలేను. ఆ పాదాన్ని బూటు మడమ ఎత్తు లెక్క చూసి బిగించారు. బూటు తీస్తే మడమ కిందికి దిగి, ఎవరో ఛాతీ మీద చెయ్యేసి వెనక్కి తోసినట్టు ఉండేది.

బూటు వేసుకుని మన ఇళ్లల్లో ఎక్కడ తిరుగుతాం? మా చెల్లెలి ఇంటికి పోతే గడప ముందే ఆగిపోయేవాణ్ని. "ఏం కాదన్నా, వేసుకునే రా" అనేది. అట్లా అన్నాక లోపలికి పోవడం ఇంకా కష్టం. చెర్వుగట్టు జాతరకు ఇంటిల్లిపాదీ పోయినప్పుడు, వాళ్లు రామలింగేశ్వరుడి దర్శనానికి లైన్లో ఉంటే నేను బయట వాళ్ల చెప్పులకు కాపలా. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నా గానీ అప్పుడు నవ్వు రాలేదు.

2019లో నల్లగొండలో పెట్టిన ఒక ఉచిత శిబిరంలో జైపూర్ కాలుకు కొలతలిచ్చాను. మొదట చూస్తే మోటుగా అనిపించింది. రబ్బరు పాదం, దానికి అయిదు వేళ్లు, పైన, తీసేయగా మిగిలిన కాలు దూర్చే గట్టి ప్లాస్టిక్ సాకెట్. సాకెట్‌ను చూడగానే గుర్తుపట్టాను. మా బత్తాయి తోటలో బోరులోకి దించిన హెచ్‌డీపీఈ పైపు లాంటిదే! పైపును వేడిచేసి, మెత్తబడ్డాక కాలి అచ్చు మీద తొడిగి చేస్తారని అక్కడి మేస్త్రీ చెప్పాడు. పాతికేళ్లుగా ఆ పైపులతో తిప్పలు పడుతున్నవాణ్ని, చివరికి కాలు కూడా అదే అయింది.

దాన్ని బిగించుకుని, చెప్పు లేకుండా, చల్లటి గచ్చు మీద నిలబడ్డాను. ఎవరూ వెనక్కి తోయలేదు. ఆ రాత్రి మూడేళ్ల తర్వాత కింద సక్లంముక్లం పెట్టుకుని అన్నం తిన్నాను. మా ఇంటామె కూర వేస్తూ వేస్తూ ఆగిపోయింది. ఈ పాదం చీలమండ దగ్గర అన్ని వైపులకూ వంగుతుంది. అందుకే గొంతుక్కూర్చోవచ్చు, చెట్ల పాదుల్లో ఎగుడుదిగుడు మీద నడవొచ్చు, తడిమట్టిలో దిగొచ్చు. 1968 ప్రాంతంలో దీన్ని తయారుచేసిన శిల్పి రామచంద్ర శర్మ, ఎముకల డాక్టరు పి.కె. సేఠీ మనలాంటి వాళ్ల నడకను, కూర్చునే తీరును దగ్గరగా చూసే చేశారు. సేఠీకి 1981లో మెగసెసే అవార్డు ఇచ్చారు. నన్నడిగితే శర్మకు కూడా సగం ఇవ్వాల్సింది.

ఆ ఊపులో తోటకు కూడా చెప్పుల్లేకుండానే పోవడం మొదలుపెట్టాను. ఎవరు కనపడినా కాలెత్తి చూపించేవాణ్ని. రెండో ఏడు బత్తాయి కోతప్పుడు ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుంటే మా మనవడు అరిచాడు: "తాతా, నీ కాలికి ముల్లు!" చూస్తే రబ్బరు మడమలో సర్కారు తుమ్మ ముల్లు, వేలెడంత, తల దాకా దిగి ఉంది. పటకారు పెట్టి లాగాం. నొప్పి లేదు, నెత్తురు లేదు. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వాం. ముల్లు దిగినా తెలియని కాలు అని కూలీలకు కూడా చెప్పుకున్నాను.

రెండు రోజుల తర్వాత మా ఇంటామె పొద్దున్నే ఇల్లు ఊడుస్తూ ఆగింది. గచ్చు మీద మంచం దగ్గర నుంచి బాత్రూం దాకా మరకలు. రూపాయి బిళ్లంత మరక, అడుగు దాటి ఇంకో మరక. "ఏమయ్యా, నీ ఎడమకాలు ఇటు చూపించు" అంది. బొటనవేలి కింద అలాంటి తుమ్మ ముల్లే, లోపలే విరిగి ఉంది. చుట్టూ వాచి నల్లబడింది. నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. షుగరుకు ఆ కాల్లో స్పర్శ ఎప్పుడో పోయింది. ముల్లు దిగినా తెలియని కాళ్లు నాకు రెండున్నాయని అప్పుడు తెలిసింది.

పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. ఆ టెన్షన్‌లో ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. కాలు దక్కింది. డాక్టరు గట్టిగానే కోప్పడ్డాడు. "పెద్దాయనా, లేని కాలితో ఎక్కడైనా తిరుగు. ఉన్న కాలికి మాత్రం ఇంట్లో కూడా చెప్పు ఉండాల్సిందే." ఎంసీఆర్ చెప్పులు రాసిచ్చాడు. మెత్తటి స్పాంజి రబ్బరు అడుగు ఉండే చెప్పులు. తమాషా ఏమిటంటే, జైపూర్ పాదం లోపల నింపేది కూడా అలాంటి రబ్బరే. ఒక్క కాలికే వేసుకుంటే ఎత్తు తేడా వచ్చి నడుము పట్టేస్తోంది కాబట్టి రెండింటికీ వేసుకుంటాను. రబ్బరు వేళ్లు చెప్పును పట్టుకోలేవు, వెనక పట్టీ ఉన్నవే తీసుకోవాలి. బయటికొక జత, ఇంట్లోకొక జత. అంటే మళ్లీ గడప దగ్గర స్టూలేసుకుని మార్చుకోవడమే!

వాన, బురద దీన్ని ఏం చేయవని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ని. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. మూడో ఏడు పాదం అడుగున రబ్బరు చీలి, లోపలికి నీళ్లు దిగి, నడుస్తుంటే కిర్రుకిర్రుమనేది. మా ఊరి పంక్చర్ షాపు పిల్లాడు సొల్యూషన్ రాసి ట్యూబు ముక్క అంటిస్తే పన్నెండు రోజులు నడిచింది. తర్వాత హైదరాబాద్ పోయి 2022లో పాదం మార్పించుకున్నాను. ఎండాకాలం సంగతి వేరే చెప్పాలి. మే నెలలో సాకెట్ లోపల చెమట చెరువే. మధ్యాహ్నం రెండుసార్లు విప్పి, తుడిచి, లోపల తొడుక్కునే సాక్సు మార్చకపోతే చర్మం ఒరుసుకుపోతుంది. మిగిలిన కాలు సన్నబడే కొద్దీ సాకెట్ వదులై సాక్సుల సంఖ్య పెరుగుతుంది. నేను రెండుతో మొదలుపెట్టి అయిదు దాకా పోయాక కొత్త సాకెట్ చేయించుకున్నాను.

ఇది తీసుకోమంటానా? నాది మోకాలి కింద తీసిన కాలు. మోకాలి పైన తీసినవాళ్ల కష్టం వేరు, వాళ్లకు చెప్పే అనుభవం నాకు లేదు. పొద్దున బూటు వేసుకుని పోయి సాయంత్రం విప్పే ఉద్యోగమైతే నా పాత కాలు లాంటిదే మేలేమో. రోడ్డు మీద రెండు కిలోమీటర్లు నడవాలంటే నేనూ ఇప్పటికీ దాన్నే బయటికి తీస్తాను. తోట, నేల మీద భోజనం, గుడి, ఇవన్నీ ఉన్న నాకు ఇదే సరిపోయింది. ఏది తీసుకున్నా, అక్కడే చెప్పు విప్పించుకుని ఒకసారి నిలబడి చూడండి. షుగరు ఉంటే రెండో కాలు సంగతి కూడా డాక్టరును అడగండి.

ఇప్పుడు రాత్రి పడుకునే ముందు మనవడు ఫోన్ లైటు వేసి నా అరికాలు చూస్తాడు. రబ్బరుదానికి అక్కర్లేదురా అన్నా వినడు, రెండూ చూస్తాడు. మొన్న రబ్బరు మడమ దగ్గర మళ్లీ సన్నటి చీలిక వాడే పట్టుకున్నాడు. బత్తాయి కోత అయ్యాక హైదరాబాద్ పోవాలి.