పిల్లల వార్డు గోడకు ఏ కాగితం మేలు?

పోయిన వానాకాలం పాకాల దగ్గరి పల్లె నుంచి ఒక అవ్వ రెండేళ్ళ మనవడిని చంకనేసుకొని మా క్లినిక్కుకు వచ్చింది. సంచిలోంచి మూడు సీసాలు తీసి బల్లమీద వరుసగా పెట్టింది. మూడూ పారాసిటమాలే. ఒక ఎం.ఎల్.లో 100 మిల్లీగ్రాములుండే చుక్కల మందు ఒకటి, 5 ఎం.ఎల్.లో 125 ఉండే సిరప్ ఒకటి, అదే 5 ఎం.ఎల్.లో 250 ఉండేది ఇంకొకటి. "ఏ సీసా చేతికి వస్తే అందులోంచి ఒక మూతెడు పోస్తున్నాను సార్, అన్నీ జ్వరం మందులే కదా" అంది. బిడ్డ బరువు 10 కిలోలు. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన ఒక మోతాదు 150 మిల్లీగ్రాములు. అంటే చుక్కల మందయితే ఒకటిన్నర ఎం.ఎల్., రెండో సీసా అయితే 6, మూడోదయితే 3. ఆ 5 ఎం.ఎల్. మూతతో చుక్కల మందు పోసి ఉంటే ఒక్కసారికే 500 మిల్లీగ్రాములు లోపలికి పోయేవి. ఆ సీసా సీలు ఇంకా తీయలేదు కాబట్టి సరిపోయింది.

పెద్దల జ్వరానికి "పారాసిటమాల్ వేసుకోండి" అన్న ఒక్క వాక్యం చాలు. పిల్లలకు అది సగం వాక్యమే. బిడ్డ బరువు, సీసా మీది అంకె, ఇంట్లో ఉన్న మూత కలిస్తే గానీ అది పూర్తికాదు. ఒక జబ్బు ఊళ్ళకు ఊళ్ళు పాకుతున్నప్పుడు పిల్లల వైద్యానికి మార్గదర్శకాలు ఎలా రాయాలన్న మాట వస్తే నాకు ఆ మూడు సీసాలే గుర్తొస్తాయి. సాక్ష్యాలన్నీ కూడేదాకా ఆగి పూర్తిగా రాయవచ్చు. కొద్ది వారాల్లో త్వరిత మార్గదర్శకాలు తేవచ్చు. పెద్దలకు రాసినవాటినే పిల్లలకు కుదించవచ్చు. ఎక్కడో రాసినవాటిని తెచ్చి మన ఊరికి సరిచేసుకోవచ్చు. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో పిల్లలను చూసేవాళ్ళకు వీటిలో ఏది మేలు?

పూర్తి పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. ప్రశ్నలు ముందే ఖాయం చేసుకోవాలి. దొరికిన ప్రతి అధ్యయనాన్నీ ఇద్దరు విడివిడిగా చదివి వడపోయాలి. సాక్ష్యం ఎంత గట్టిదో గ్రేడ్ పద్ధతిలో ఉన్నతం, మధ్యస్థం, తక్కువ, అతి తక్కువ అని నాలుగు మెట్లలో తూచాలి. ఏ సభ్యుడికి ఏ మందుల కంపెనీతో లావాదేవీ ఉందో బయటపెట్టాలి. ఇదంతా అయ్యేసరికి ఒకటి నుంచి మూడేళ్ళు గడుస్తాయి. త్వరిత మార్గదర్శకాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న గడువు ఒకటి నుంచి మూడు నెలలు. ప్రశ్నలు తగ్గించి, వెతికే చోట్లు తగ్గించి, సమావేశాలు వీడియోలో ముగించి అంత కాలం మిగులుస్తారు. వీటిలో ఏది కోసినా పరవాలేదు, లావాదేవీల వెల్లడిని తప్ప. హడావిడిలో ముందుగా జారిపోయేది అదేనని నా అనుమానం.

ఆగితే ఏమవుతుందని అడిగేవారికి 2003 సంవత్సరం చాలు. ఆ జూన్ నుంచి ఆగస్టు వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, ఫిట్స్, ఆ వెంటనే స్పృహ తప్పడం. 329 మంది జబ్బుపడితే 183 మంది చనిపోయారు. చాలామంది ఆస్పత్రిలో చేరి రెండు రోజులైనా గడవలేదు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఇది చాందీపురా వైరస్ అంది. 1965లో మహారాష్ట్రలో ఆ పేరుగల ఊళ్ళో బయటపడ్డ క్రిమి అది. కాదు, ఇది మెదడు రక్తనాళాలకు వచ్చిన దెబ్బ అని వాదించిన పిల్లల వైద్యులూ ఉన్నారు. పండితుల వాదన తెమలడానికి పట్టే కాలం వేరు, బిడ్డ చేతిలో ఉన్న 48 గంటలు వేరు. పైగా ఆ వైరస్‌ను చంపే ప్రత్యేకమైన మందు ఈనాటికీ లేదు. కాబట్టి వైరస్ పేరుతో మొదలయ్యే కాగితం అప్పుడు ఎవరికీ అక్కరకు వచ్చేది కాదు. ఫిట్స్ ఎలా ఆపాలి, ఊపిరి దారి ఎలా కాపాడాలి, రక్తంలో చక్కెర ఎప్పుడు చూడాలి, ద్రవం ఎంత కొలిచి ఇవ్వాలి, ఏ గుర్తు కనబడితే బిడ్డను పెద్దాసుపత్రికి పంపాలి అన్న అయిదు ముక్కలుంటే చాలు. జబ్బు పేరు తేలకముందే లక్షణాల గుంపును పట్టి వైద్యం రాయవచ్చు. మెదడువాపు లక్షణాల మీద తర్వాత వచ్చిన జాతీయ మార్గదర్శకాలు నడిచిందీ ఈ బాటనే. ఈ పోటీలో నేను తడుముకోకుండా త్వరిత కాగితం వైపే.

పెద్దల మోతాదును సగం చేసి పిల్లల వైద్యం అనుకునే మూడో దారి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆస్పిరిన్ పెద్దలు ఇళ్ళలో దశాబ్దాలుగా వాడిన మాత్ర. ఫ్లూ, ఆటలమ్మ వచ్చిన పిల్లలకు అదే ఇచ్చినప్పుడు కొందరిలో కాలేయం, మెదడు దెబ్బతినే రైస్ సిండ్రోమ్ కనబడింది. అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి 1982లో హెచ్చరిక జారీ చేయాల్సి వచ్చింది. ఒక్కోసారి పెద్దల రుజువు మీద ఆధారపడక తప్పదు. 2020లో తీవ్రమైన కోవిడ్‌కు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పనిచేస్తుందన్న రుజువు దాదాపు అంతా పెద్దలదే. అలాంటప్పుడు ఇది పెద్దల నుంచి తెచ్చిన ఊహ అని కాగితంలోనే రాసి ఉండాలి.

త్వరితం అన్న మాటకు దోషం లేదని కాదు. 2020 ఏప్రిల్‌లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ, కోవిడ్ వచ్చిన తల్లి నుంచి పసిబిడ్డను తాత్కాలికంగా వేరు చేయమంది. జూలైలో ఆ మాటను సవరించి, జాగ్రత్తలతో తల్లీబిడ్డలు ఒకే గదిలో ఉండవచ్చంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం ముందు నుంచీ చేతులు కడుక్కొని, మాస్కు పెట్టుకొని పాలివ్వమనే చెప్పింది. రెండూ హడావిడిలో రాసినవే. ఒకరు వైరస్ సోకే ప్రమాదాన్ని ఎక్కువగా లెక్కపెట్టారు. రెండోవారు తల్లిపాలు పోతే వచ్చే నష్టాన్నీ త్రాసులో వేశారు. బావి నీళ్ళతో డబ్బాపాలు కలిపే ఇల్లు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు ఆ రెండో లెక్క ఎంత బరువో చెప్పనక్కరలేదు.

మన కేంద్ర ఆరోగ్య శాఖ 2021 జూన్‌లో పిల్లల కోవిడ్‌కు ఇచ్చిన మార్గదర్శకాల్లో నాకు నచ్చింది "వద్దు" అన్న మాటలు. పిల్లలకు వైరస్ మీద వాడే రెమ్డెసివిర్ ఇంజెక్షను వద్దు. లక్షణాలు లేని, తేలికపాటి జబ్బుకు స్టెరాయిడ్లు వద్దు. అయిదేళ్ళలోపు వారికి మాస్కు అక్కరలేదు. రెండో ఉప్పెన అప్పుడే తగ్గుతోంది, మూడోది పిల్లల మీదే పడుతుందని ఊరంతా భయపడుతోంది, ఆ భయంలో తల్లిదండ్రులే ఫలానా ఇంజెక్షను రాయమని పట్టుబడుతున్నారు. "ఢిల్లీ నుంచే వద్దన్నారమ్మా" అని చూపించడానికి ఒక కాగితం ఉండటం చిన్న డాక్టరుకు ఎంత అండో రాసినవాళ్ళకు తెలుసో లేదో. పన్నెండేళ్ళు దాటిన పిల్లలను వేలికి ఆక్సిమీటరు పెట్టి ఆరు నిమిషాలు నడిపించి ఆక్సిజన్ పడిపోతుందేమో చూడమన్న సలహా కూడా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేయగలిగినదే.

ఇక అరువు తెచ్చుకోవడం. షాక్‌లో, అంటే రక్తప్రసరణ బాగా పడిపోయిన స్థితిలో, ఉన్న బిడ్డకు సెలైన్ వేగంగా ఎక్కించాలన్నది సంపన్న దేశాల ఐసీయూల అలవాటు. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో తీవ్రమైన జ్వరంతో, రక్తప్రసరణ తగ్గి వచ్చిన 3,141 మంది పిల్లల మీద దాన్ని పరీక్షించి 2011లో ఫలితం ప్రకటించారు. వేగంగా ఎక్కించినవారిలో 48 గంటల్లో వందకు పదిమందికి పైగా చనిపోయారు. అలా వేగంగా ఎక్కించనివారిలో ఏడుగురు. నీళ్ళ విరేచనాల పిల్లలను ఆ పరీక్షలో చేర్చలేదు, వాళ్ళకు ద్రవం ప్రాణం. తేడా ఎక్కడుందంటే ఆ ఆస్పత్రుల్లో వెంటిలేటరు లాంటి ఆసరా దాదాపు లేదు. తిరుపతి స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రిలో పనికొచ్చే వాక్యం అడవి అంచున ఉన్న ఆరోగ్య కేంద్రంలో పనికొస్తుందని అనుకోకూడదు.

మన ఊరికి సరిచేయడమంటే ఇంకా చాలా ఉంది. డెంగీ పుస్తకాలన్నీ రోజూ వచ్చి చూపించుకోమంటాయి. దర్శనానికి వచ్చిన కుటుంబం రెండో రోజు రైలెక్కేస్తుంది. అంతకంటే చిక్కు ఇంకొకటి. డెంగీలో ప్రమాదం సాధారణంగా జ్వరం దిగే వేళకే మొదలవుతుంది. సరిగ్గా ఆ రోజే "జ్వరం తగ్గింది, స్వామి దయ" అని బిడ్డను తీసుకొని అలిపిరి మెట్లెక్కుతారు. కాబట్టి ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, చిగుళ్ళ నుంచి రక్తం, మగత అన్న నాలుగు గుర్తులు తెలుగు, తమిళం, కన్నడం, హిందీల్లో అచ్చువేసిన చీటీ ఇక్కడ కావాలి. జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆఫీసులో కూర్చున్నవారికి ఈ ఊహ రాదు. చిత్తూరు వాళ్ళయితే బిడ్డకు ఎక్కువైతే నేరుగా వేలూరు బస్సెక్కుతారు. రాష్ట్రం మారుతుంది, చీటీల మీద మందుల వరుస కూడా మారవచ్చు. ఏ మందు ఏ గంటకు ఇచ్చామో రాసి బిడ్డతో పంపమన్న ఒక్క వాక్యం మన కాగితంలో ఉంటే సగం గందరగోళం తీరుతుంది.

తట్టు సంగతీ అంతే. ఒంటిమీద దద్దుర్లు కనబడితే అమ్మవారు పోసిందంటారు. వేపాకు కడతారు, గంగమ్మకు మొక్కుకుంటారు, ఆస్పత్రి వైపు చూడరు. తట్టు వచ్చిన బిడ్డకు వరుసగా రెండు రోజులు విటమిన్ ఎ ఇవ్వాలి. ఏడాది దాటితే రోజుకు 2 లక్షల యూనిట్లు, ఆరు నెలల నుంచి ఏడాదిలోపు లక్ష, ఆరు నెలల లోపు 50 వేలు. ఈ అంకెలు ప్రపంచమంతా ఒకటే. "వేపాకు ఉండనీయండి అవ్వా, ఈ చుక్కలు కూడా అమ్మవారి పేరు చెప్పి పోయండి" అని ఆశా కార్యకర్తకు నేర్పే వాక్యం మాత్రం ఇక్కడివాళ్ళే రాయాలి.

కొత్త రుజువు వచ్చినప్పుడల్లా సవరిస్తూ పోయే మార్గదర్శకాలను ఇప్పుడు చాలామంది మెచ్చుకుంటున్నారు. కోవిడ్ మందుల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సెప్టెంబరు నుంచి అలాగే చేసింది. పరీక్షల ఫలితాలు వరదలా వచ్చే జబ్బుకు అది మంచిదే. చాందీపురా లాంటి జబ్బుకు పరీక్షలే అరుదు, తేదీ మార్చడం తప్ప సవరించడానికి ఏమీ ఉండదు.

నా ఎంపిక ఇది. జాతీయ స్థాయిలో త్వరితంగా రాసిన కాగితం రావాలి. దాన్ని తిరుపతి, చిత్తూరు పిల్లల వైద్యులు, నర్సులు, ఒకరిద్దరు తల్లులు కలిసి వారంలో మన భాషకు, మన సీసాలకు సరిచేయాలి. ఒకే పుట. పైన బరువుల పట్టీ, దాని కింద "వద్దు"ల జాబితా, ఏ మాట రుజువైనదో ఏది ఊహో తెలిపే గుర్తు, అడుగున మళ్ళీ చూడాల్సిన తేదీ. ఆ తేదీ దాటితే కాగితాన్ని గోడమీంచి తీసేయాలి.

ఆ తేదీ దగ్గరే నాకు కొంచెం సిగ్గుగా ఉంది. ఇది రాస్తూ లేచి చూశాను. మా క్లినిక్కులో డెంగీ కాగితం గడువు తీరి నాలుగు నెలలైంది.