ఎనిమిది బజర్ల క్విజ్ కిట్ కొంటున్నారా, ఒక్క నిమిషం ఆగండి

హైదరాబాద్‌లో ఇలాంటి కిట్లు కొనేవాళ్లకి మాకు ఇది అమ్మినాయన తెలిసే ఉంటాడు, పేరు రాయట్లేదు. రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద పైథాన్ సర్వర్ (బజర్ల నొక్కుళ్లు అందుకునే ప్రోగ్రామ్), ఈఎస్‌పీ32 అనే చిప్ పెట్టిన ఎనిమిది బజర్లు, "ఏ గేమ్ కావాలన్నా మార్చుకోవచ్చండీ, ఫ్రేమ్‌వర్క్ రెడీ" అని 14,500 తీసుకున్నాడు. వినాయక చవితికి మా అపార్ట్‌మెంట్ పిల్లల క్విజ్ కోసం కొన్నాం. అది చందాల డబ్బు, అందుకే ఇంత మంట.

నిన్న సాయంత్రం మండపం ముందు ఎనిమిదీ ఆన్ చేస్తే అన్నిటికీ పచ్చ లైటు వెలిగింది. మొదటి ప్రశ్నకి మూడో టేబుల్ పాప అరచేత్తో టపటపా కొడుతూనే ఉంది, స్క్రీన్ మీద ఏమీ రాదు. ఒకటో బజర్ తప్ప ఏదీ పలకలేదు. "అంకుల్, నేనే ముందు నొక్కాను" అని పాప కళ్లనీళ్లు పెట్టుకుంది.

అక్కడి నుంచే ఫోన్ చేశా. ఆయన అన్న మాట: "ఒకటి చూసి ఓకే అన్నారుగా. అన్నీ కలిపి నొక్కుతారని ముందే చెప్పాలి. పైథాన్ రానప్పుడు ఇవన్నీ మీకెందుకు?" బజర్ క్విజ్ అంటేనే అందరూ ఒకేసారి నొక్కేది కదా! ఎనిమిది అమ్మినవాడికి నేను చెప్పాలా? ఫోన్ పెట్టేశాడు, అప్పటి నుంచి ఎత్తట్లేదు.

రాత్రి కోడ్ తెరిచా. ఒక క్లయింట్‌ని, అంటే ఒక బజర్‌ని, యాక్సెప్ట్ చేసి, దాని మెసేజ్ కోసం రిసీవ్ దగ్గరే లూప్‌లో కూర్చుంటుంది సర్వర్. మిగతా ఏడూ క్యూలో ఉంటాయి, కనెక్షన్ మాత్రం ఆపరేటింగ్ సిస్టమే కలిపేస్తుంది కాబట్టి పచ్చ లైటు వెలుగుతుంది. అసింక్ఐఓతో (చాలా కనెక్షన్లని ఒకేసారి చూసుకునే పైథాన్ లైబ్రరీ) తిరగరాస్తే ఇంకోటి బయటపడింది, మెసేజ్ ఎక్కడ ముగిసిందో చెప్పే న్యూలైన్ చివర లేదు, అందుకే డేటాని హద్దుల్లేకుండా ఒకే ధారగా పంపే టీసీపీలో రెండు నొక్కుళ్లు అతుక్కుని ఒకటిగా వస్తున్నాయి. ఏడో బజర్ దానంతట అదే నొక్కుకుంటోంది, ఎందుకంటే బటన్‌ని 34వ పిన్‌కి కలిపాడు, దానికి లోపల పుల్‌అప్ (నొక్కనప్పుడు పిన్‌ని స్థిరంగా ఉంచే రెసిస్టర్) ఉండదు, బయట రెసిస్టర్ పెట్టలేదు. తెల్లవారుజామున మూడైంది.

ఒక్క బజర్ చూసి బ్యాలెన్స్ పంపేశాను, అది నా తప్పే. ఎనిమిదీ పెట్టి చూడ్డానికి పది నిమిషాలు పట్టేది.

కొనేవాళ్లు మొత్తం డబ్బు ఇచ్చే ముందు అన్నీ ఆన్ చేసి నలుగురితో కలిపి నొక్కించండి, ఒకదాని కేబుల్ పీకి మిగతావి ఆడుతున్నాయో లేదో చూడండి, సోర్స్ కోడ్ ముందే అడగండి. ఆయనకి ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లుంటే మిగతాది పంపకండి.