అలంపూర్ జోగులాంబ దర్శనం: ఒక పూట ఎక్కువ పెట్టుకుని వెళ్లండి

అలంపూర్‌కు వచ్చే చాలా బండ్లు గంట తిరక్కుండానే వెనక్కి మళ్లుతాయి. మంత్రాలయమో శ్రీశైలమో వెళ్తూ, దారిలోనే కదా అని అమ్మవారికి దండం పెట్టుకుని, ప్రసాదం తీసుకుని వెళ్లిపోతారు. మొక్కు తీరుతుంది, కాదనను. కానీ అంత దూరం వచ్చి, పక్కనే ఉన్న పదమూడు వందల ఏళ్ల నాటి గుళ్లలోకి తొంగి కూడా చూడకపోవడం నాకు మింగుడుపడదు.

మేం మహబూబ్‌నగర్ నుంచి కారులో అమ్మనీ, అత్తమ్మనీ, పిల్లల్నీ తీసుకుని వెళ్లాం. భూత్పూర్ దగ్గర 44వ జాతీయ రహదారి ఎక్కితే కొత్తకోట, పెబ్బేరు దాటి బీచుపల్లి దగ్గర కృష్ణ వస్తుంది. అక్కడ ఒడ్డునే ఉన్న ఆంజనేయస్వామి గుడి దగ్గర ఆగకుండా మా ఇంట్లో ఎవరూ ముందుకు కదలరు. తర్వాత ఎర్రవల్లి చౌరస్తా, ఆపైన అలంపూర్ చౌరస్తా. హైవే మీద ఇబ్బందేమీ లేదు. బస్సులో వచ్చేవాళ్లు కర్నూలులో దిగి అక్కడి నుంచి అలంపూర్ బస్సు ఎక్కడమే నయం. చౌరస్తాలో దిగితే ఆటోల బేరం తప్పదు. మా ముందు దిగిన ఒక కుటుంబాన్ని ఆటో అతను అడిగిన రేటు విని అత్తమ్మకే కోపం వచ్చింది.

జోగులాంబ అష్టాదశ శక్తిపీఠాల్లో ఐదోది. సతీదేవి పైవరుస పళ్లు పడిన చోటని నమ్ముతారు. పాత గుడి 14వ శతాబ్దంలో బహమనీల దాడిలో నేలమట్టమైతే, అమ్మవారిని పక్కనే ఉన్న బాలబ్రహ్మేశ్వరాలయంలోకి చేర్చారు. ఆరు వందల ఏళ్లు అక్కడే పూజలు జరిగాయి. ఇప్పుడు మనం చూసే గుడి 2005లో కట్టింది. అమ్మవారు ఉగ్రరూపిణి కాబట్టి చల్లదనం కోసం గుడి చుట్టూ నీళ్లు ఉంచారని చెబుతారు. శవాసనం మీద కూర్చుని, జటల్లో కపాలం, తేలు, బల్లి ఉన్న రూపం. అలంకారంలో ఇవన్నీ కనిపించవు. నిజరూప దర్శనం కావాలంటే వసంత పంచమికి రావాలి, కానీ ఆ రోజు జనం మామూలుగా ఉండరు. ముసలివాళ్లతో వెళ్లేవాళ్లకు నేనైతే మామూలు రోజు పొద్దునే మంచిదంటాను. మాకు క్యూ దాదాపు లేదు. అమ్మ తీరిగ్గా నిలబడి చూసుకుంది. శుక్రవారాలు, దసరా నవరాత్రుల్లో ఈ మాట చెప్పలేను.

ఇక నవబ్రహ్మ ఆలయాలు. పేర్లలో బ్రహ్మ ఉన్నా తొమ్మిదీ శివాలయాలే. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించారు. మన దగ్గర మామూలుగా కనిపించే గోపురాలు కావు, ఉత్తరాది పద్ధతి శిఖరాలు, అందుకే మా పిల్లలు ఇది ఏ రాష్ట్రం అని అడిగారు. నిత్యపూజలతో సందడిగా ఉండేది బాలబ్రహ్మేశ్వరుడి గుడి. శిల్పం చూడాలంటే మాత్రం నేరుగా స్వర్గబ్రహ్మకు వెళ్లండి. చాళుక్య రాజు వినయాదిత్యుడి కాలం నాటి ఆ గుడి గోడల మీద దిక్పాలకులు, జంటలు, కిటికీల జాలీలు ఎంతసేపు చూసినా తనివి తీరదు. తారకబ్రహ్మ సగం కూలి ఉంది. వివరాలు చెప్పే గైడ్ మాకు ఎవరూ దొరకలేదు, బోర్డుల మీద రాసింది రెండు ముక్కలు. ముందే కొంచెం చదువుకుని వెళ్లండి.

గుళ్ల ఆవరణ నుంచి తుంగభద్ర కనిపించకపోతే ఆశ్చర్యపోకండి. శ్రీశైలం జలాశయం నీళ్లు గుళ్ల మీదికి రాకుండా కట్టిన పెద్ద గోడ అడ్డం ఉంది, మెట్లెక్కి చూడాలి. ఆ జలాశయం వల్లే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విడదీసి తెచ్చి అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. పాపనాశి గుళ్ల గుంపునూ అలాగే తెచ్చారు. అవి ఊరికి కాస్త ఎడంగా ఉంటాయి, మేం వెళ్లేసరికి మేము తప్ప మనిషి లేడు. ఎండలో అత్తమ్మ కారు దిగనంది, నిజానికి అక్కడ నీడా తాగునీళ్లూ లేవు. గుడి దగ్గర ఉన్న మ్యూజియం మాత్రం చల్లగా ఉంటుంది. తల స్థానంలో తామరపువ్వున్న అమ్మవారి విగ్రహం కోసమైనా లోపలికి వెళ్లాలి, పిల్లలు కావాలని మొక్కుకునే ఆడవాళ్లు ఈమెను కొలిచేవాళ్లట.

బస విషయానికొస్తే, అలంపూర్‌లో పర్యాటక శాఖ హోటల్ ఉంది, గుడికి దగ్గర. తెల్లవారుజామున ఖాళీ గుళ్లు చూడాలంటే అక్కడ ఉండటమే సుఖం, కాకపోతే పండుగ రోజుల్లో ముందే బుక్ చేసుకోవాలి. మేం కర్నూలులో ఒక లాడ్జిలో దిగాం. ఏసీ బాగుంది, బాత్రూమ్ మాత్రం దేవుడికే తెలియాలి. వేడినీళ్లు ఆరింటికే అని చెప్పి ఏడున్నర దాకా రాలేదు, దాంతో పొద్దుటి చల్లని పూట కాస్తా పోయింది. తిండికి కర్నూలుదే పైచేయి. అలంపూర్‌లో గుడి దగ్గర టిఫిన్ బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జి బాగున్నాయి కానీ మధ్యాహ్నం కూర్చుని తినే భోజనానికి మంచి చోటు మాకు కనబడలేదు.

తిరుగుదారిలో గద్వాల వెళ్లాలా అని అడిగితే, చీర కొనే ఉద్దేశం ఉంటే వెళ్లండి. కోట లోపలి చెన్నకేశవుడి గుడి కూడా చూడొచ్చు. చీరలు ఊరికే చూసి వద్దామనుకుంటే మాత్రం వద్దు, అత్తమ్మ అలాగే అన్నారు, చివరికి కొన్నారు.