పక్షుల బ్లడ్ టెస్ట్ ప్యాకేజీ కట్టేవాళ్లు జాగ్రత్త: కుక్క రేంజ్‌లతో చిలుకకి రిపోర్ట్ ఇస్తున్నారు

ఒళ్లు మండిపోతూ రాస్తున్నా. ఆ ల్యాబ్ పేరు చెప్పక్కర్లేదు, హైదరాబాద్‌లో పక్షులు పెంచేవాళ్లకి తెలిసిందే. ఏవియన్ ప్రొఫైల్ అని డబ్బు కట్టించుకుని ఆఫ్రికన్ గ్రే చిలుకకి రిపోర్ట్ ఇచ్చారు. రిఫరెన్స్ కాలమ్, అంటే మామూలుగా ఉండాల్సిన అంకెల రేంజ్, మొత్తం కుక్కలది!

గ్లూకోజ్ 268 అట. పక్కన ఎర్రగా ‘హై’, కింద షుగర్ ఉండొచ్చని ఓ మాట. చిలుకలకి 200 నుంచి 350 దాకా మామూలే. ఆ కాగితం నమ్మి ఎవరైనా ఇన్సులిన్ మొదలుపెడితే ఆ ప్రాణం దక్కుతుందా?

కిడ్నీకి క్రియాటినిన్, యూరియా చూశారు. పక్షికి చూడాల్సింది యూరిక్ యాసిడ్, రెట్టలో తెల్లగా కనబడేది అదే. అది లిస్టులోనే లేదు. లివర్‌కి ఏఎల్‌టీ అనే ఎంజైమ్ ఒక్కటే. చిలుకల్లో దాంతో తేలేదేమీ లేదు. ఏఎస్‌టీ (లివర్‌లోనూ కండరంలోనూ ఉండే ఎంజైమ్), సీకే (కండరంలో ఉండే ఎంజైమ్) రెండూ కావాలి. కండరం దెబ్బతిన్నా ఏఎస్‌టీ పెరుగుతుంది కాబట్టి, సీకే మామూలుగా ఉండి ఏఎస్‌టీ పెరిగితే లివర్‌ని అనుమానించాలి. బైల్ యాసిడ్స్ (పైత్యరస ఆమ్లాలు) కూడా చేస్తే ఇంకా మంచిది.

అన్నిటికన్నా ఘోరం, కాల్షియం మరీ తక్కువగా 3.2, పొటాషియం మరీ ఎక్కువగా 15. బతికున్న పక్షికి ఉండే అంకెలేనా అవి? ఊదారంగు మూత ట్యూబ్‌లో పోశారని చూడగానే తెలుస్తుంది. అందులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేస్తుంది, పైగా అది పొటాషియం లవణం. గ్రేలకి నిజంగానే కాల్షియం పడిపోయి ఫిట్స్ వస్తాయి. అలాంటి జాతికి ఈ దొంగ అంకె!

ఫోన్ చేసి అడిగితే, “మెషీన్ ఏమిస్తే అదే ప్రింట్ తీస్తాం సార్. ఒక పిట్టకి ఇంత రాద్ధాంతమా?” అని పెట్టేశాడు. పిట్టదైతే ప్రాణం కాదా? 400 గ్రాముల పక్షి నుంచి తీయగలిగేది మహా అయితే 4 మిల్లీలీటర్లు, అదీ ఆరోగ్యంగా ఉంటేనే. నీరసించిన పక్షిని మళ్లీ పట్టుకుని మెడ నరంలో సూది గుచ్చడమంటే ఏంటో ఆ మనిషికి పట్టలేదు.

డబ్బు కట్టేముందు పాత రిపోర్ట్ ఒకటి చూపించమనండి, రేంజ్ ఏ జాతిదో రాసి ఉండాలి. బయోకెమిస్ట్రీకి (గ్లూకోజ్, కాల్షియం లాంటి టెస్టులకి) ఆకుపచ్చ మూత లిథియం హెపారిన్ ట్యూబే. ఇంకోటి, తెల్లకణాలు స్లైడ్ మీద చేత్తో లెక్కపెడతారా అని అడగండి. పక్షుల ఎర్రకణాల్లో న్యూక్లియస్ ఉంటుంది, మామూలు మెషీన్ వాటినీ తెల్లకణాల్లో కలిపేస్తుంది.