గారాండ్ రైఫిల్ మడమకు లింబ్‌సేవర్ తొడుగు: ఆరు నెలల వాడకం తర్వాత

మేము అలబామాలోని హంట్స్‌విల్‌లో ఉంటాం. నెలకు ఒకటి రెండు శనివారాలు టాలడేగా మార్క్స్‌మన్‌షిప్ పార్కుకు వెళ్లి రైఫిల్ సాధన చేస్తాను. గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో ఎన్‌సీసీ శిబిరంలో .22 రైఫిల్‌తో మొదలైన ఇష్టం ఇది. .22 పేలితే భుజానికి తెలియనే తెలియదు. యాభై దాటాక నా చేతికి వచ్చిన ఎం1 గారాండ్ అలా కాదు, తంతుంది. మొదటి రోజు 40 తూటాలు కాల్చి ఇంటికి వచ్చి చూసుకుంటే, భుజం గుంటలో నేరేడుపండు రంగులో అరచేతి వెడల్పున కమిలిపోయి ఉంది. వారం పాటు ఆ చేత్తో పై అరలోని డబ్బా దించలేకపోయాను.

గారాండ్ 1936లో అమెరికా సైన్యం స్వీకరించిన సెమీ ఆటోమేటిక్ రైఫిల్. ఎనిమిది తూటాల క్లిప్పు, .30-06 తూటా, మడమకు (భుజానికి ఆనించే వెనుక చివరకు) గట్టి ఉక్కు పలక. 150 గ్రెయిన్ల (సుమారు 9.7 గ్రాముల) తూటా దూసుకుపోయినప్పుడు 4.3 కిలోల రైఫిల్ సెకనుకు దాదాపు 3 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. ఏ తొడుగూ ఆ వేగాన్ని చెప్పుకోదగ్గంత తగ్గించలేదు. అది భుజం మీద ఆగడానికి పట్టే సమయాన్ని కాస్త పెంచుతుంది, దెబ్బను ఎక్కువ చోటుకు పరుస్తుంది, అంతే. వేగంగా వచ్చే క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులను బంతితో పాటు వెనక్కి తీసుకుంటామే, అదే సూత్రం. కానీ ఆ కొంచెంలోనే నొప్పికీ సుఖానికీ మధ్య తేడా అంతా ఉంది.

నేను మొదట కొన్నది వేరే కంపెనీ జెల్ ప్యాడ్. చేత్తో నొక్కితే మెత్తగా ఉంది, రైఫిల్ పేలితే పూర్తిగా అణిగిపోయి ఉక్కు పలక మళ్లీ భుజానికి తగిలింది. ఆ తర్వాత ఎవరో చెప్పగా, గ్యాస్‌ను సర్దుబాటు చేసుకునే ప్లగ్ కొన్నాను. అది మంచి వస్తువే, కానీ దాని పని వేరు. తూటా పేలినప్పుడు పుట్టే గ్యాస్ గారాండ్‌లోని ఆపరేటింగ్ రాడ్ అనే కడ్డీని వెనక్కి నెట్టి, తర్వాతి తూటా ఎక్కేలా చేస్తుంది. కొన్ని బలమైన వేట తూటాలు ఆ రాడ్‌ను వంచేయగలవు. ఎక్కువైన గ్యాస్‌ను బయటికి వదిలి ఈ ప్లగ్ రాడ్‌ను కాపాడుతుంది. భుజానికి తగిలే దెబ్బలో మాత్రం నాకు పెద్ద తేడా కనిపించలేదు. రీకాయిల్ (రైఫిల్ వెనక్కి తన్నడం) తగ్గించుకోవడానికే దాన్ని కొనాలనుకునేవారు ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

లింబ్‌సేవర్ వాషింగ్టన్ రాష్ట్రంలోని షెల్టన్‌లో ఉన్న సంస్థ. విల్లు బద్దల కంపనాన్ని తగ్గించే రబ్బరు ముక్కలకు పేరుపడింది. వాళ్ల రబ్బరు తొడుగును మేజోడులా మడమ మీదికి లాగి తొడగడమే. రైఫిల్ కొయ్యను కోయనక్కర లేదు, రంధ్రం పెట్టనక్కర లేదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి వాల్‌నట్ కొయ్య మీద రంపం పెట్టడానికి నాకు చేతులు రావు, కాబట్టి నాకు ఇదే పెద్ద సుగుణం. తొడిగిన మొదటి రోజు మళ్లీ 40 తూటాలు కాల్చాను. రైఫిల్ వెనక్కి రావడం తెలిసింది. కానీ అది గుద్దులా కాక ఎవరో అరచేత్తో బలంగా నెట్టినట్టు ఉంది. మరునాటికి మచ్చ లేదు.

కొనే ముందు ఆలోచించుకోవలసిన సంగతి పొడవు. తొడుగు మడమకు సుమారు ఒక అంగుళం కలుపుతుంది. నేను అయిదు అడుగుల రెండు అంగుళాల మనిషిని. చెంప ఆనించే చోటు మారిపోయి, వెనుక గురి రంధ్రం కంటికి దూరమైంది. నిలబడి కాల్చడం అలవాటు కావడానికి రెండు నెలలు పట్టింది. పొడుగ్గా ఉన్నవారికి ఇదే అంగుళం వరం కావచ్చు. ఇంకొకటి: గారాండ్ మడమ పలకలో చిన్న తలుపు ఉంటుంది, శుభ్రం చేసే సామాను అందులో పెడతారు. తొడుగు వేస్తే ఆ తలుపు మూసుకుపోతుంది, సామాను విడిగా సంచిలో పెట్టుకోవాలి.

నొప్పి పోయినా భయం వెంటనే పోలేదు. రేంజ్‌లో పరిచయమైన ఒక పెద్దాయన నా క్లిప్పులో నాకు తెలియకుండా ఒక ఉత్తుత్తి తూటా కలిపి ఇచ్చారు. అది వచ్చినప్పుడు ట్రిగ్గర్ నొక్కితే రైఫిల్ పేలలేదు, గొట్టం మాత్రం దానంతట అదే కిందికి వంగింది. దెబ్బ పడుతుందని నా భుజం ముందే ఉలిక్కిపడుతోందన్నమాట. పదే పదే ఇలా చేశాక గాని గొట్టం కదలకుండా నిలవలేదు. తొడుగు లేకుండా ఆ సాధన చేయగలిగేదాన్ని కాదు, ప్రతి తూటాకూ నొప్పి ఆ ఉలికిపాటును ఇంకా గట్టిపరిచేది.

ఆర్డర్ చేసే ముందు మడమ ఎత్తు, వెడల్పు టేపుతో కొలుచుకోండి, చిన్న, మధ్య, పెద్ద సైజులు ఉన్నాయి. ఇక్కడి వేసవి గాలిలో తేమ ఎక్కువ. అందుకే ఇంటికి రాగానే తొడుగు తీసేసి, కింద ఉన్న ఉక్కు పలకను నూనె గుడ్డతో తుడిచి పెడుతున్నాను.