కాళస్తి కోడా, కడక్‌నాథా, గ్రామప్రియా: పెరట్లోకి ఏది మేలు?

శ్రీకాళహస్తి పేరు మీద ఒక కోడి జాతి ఉందంటే మన తిరుపతి వాళ్లే నమ్మరు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ నమోదు చేసిన దేశీ కోళ్లలో అసీల్, ఘాగస్‌లతో పాటు ‘కాళస్తి’ కూడా ఉంది. మనం అన్నిటినీ కలిపి నాటుకోడి అనేస్తాం.

గుడ్ల లెక్క చూస్తే కాళస్తి ఓడిపోతుంది. ఏడాదికి 40 పెడితే గొప్పే. హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ పెరట్లో తిరుగుతూనే దానికి మూడు నాలుగింతలు పెడుతుంది. రోజూ ఇంట్లోకి గుడ్లు కావాలంటే గ్రామప్రియే తెచ్చుకోండి, ఇందులో ఆలోచించడానికేమీ లేదు.

అయితే గ్రామప్రియ పొదగదు. మంద పెరగాలంటే మళ్లీ పిల్లల్ని కొనాల్సిందే. కాళస్తి పెట్ట పొదుగుకొస్తే గంపలో గడ్డి వేసి పది పన్నెండు గుడ్లు పెడితే చాలు, 21 రోజులకు పిల్లలు దిగుతాయి. గద్ద నీడ పడగానే పిల్లల్ని రెక్కల కిందికి లాక్కోవడం దానికి ఎవరూ నేర్పక్కర్లేదు.

కడక్‌నాథ్ మీద నాకు కొంచెం కోపముంది, కోడి మీద కాదు, దాని వ్యాపారం మీద. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా దాని సొంతూరు, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మాంసం, ఎముక నలుపే గానీ గుడ్డు నల్లగా ఉండదు. నల్ల గుడ్లని ఎవరైనా అమ్మితే దండం పెట్టి వచ్చేయండి. నేనూ ఒకసారి అసలైనవని తెచ్చిన పిల్లల్లో రెండింటి కాళ్లు పెరిగేకొద్దీ పసుపు తిరిగాయి, అంటే సంకరమన్నమాట. ఇదీ పొదగడంలో బద్ధకస్తురాలే, దాని గుడ్లు కూడా మా కాళస్తి పెట్ట కిందే పెట్టాను.

మూడూ ఒకే పెరట్లో వదిలితే మాత్రం జాతి పోతుంది. వేరే పుంజుతో ఒక్కసారి కలిసినా పెట్ట రెండు వారాల దాకా ఆ పుంజు పిల్లలు పుట్టే గుడ్లే పెట్టొచ్చు. అందుకే పొదగేసే గుడ్లు ఏరడానికి మూడు వారాల ముందే సొంత జాతి పుంజుతో విడిగా కట్టడి చేయాలి. పుంగనూరు ఆవుకు జరిగిందీ ఇదే కదా, సంకరం చేసీ చేసీ చివరికి పలమనేరు పరిశోధన కేంద్రంలో కాపాడుకోవాల్సి వచ్చింది.

నాటుకోడికి జబ్బులు రావన్నది ఒట్టి మాట. కొక్కెర తెగులు వస్తే తెల్లారేసరికి గంప ఖాళీ. ఏ జాతైనా దానికి మొదటి వారంలో లసోటా టీకా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ టీకా సూది వేయించాల్సిందే.

చివరికి నేను నాలుగు గ్రామప్రియల్ని వల కట్టి ఒక పక్కన ఉంచి, పెరడంతా కాళస్తికి వదిలేశాను. కడక్‌నాథ్‌లను ఇచ్చేశాను. ఒకే పుంజును ఏళ్ల తరబడి ఉంచితే అది తన కూతుళ్లతోనే కలిసి పిల్లలు నీరసంగా పుడతాయి, అందుకని ఏర్పేడు వైపు ఒకరితో ఏడాదికోసారి పుంజులు మార్చుకుంటున్నాం. ఈసారి వచ్చినది మూడున్నరకే కూస్తోంది, పక్కింటి అత్త రోజూ గోడ మీదుగా తిడుతోంది.